వాష్టీ బన్యన్: ముప్పై ఏళ్ళు పాట మానేసిన గాయని గురించి మాట్లాడుకుందాం

అటకమీదిపెట్టె:
అందరికీ నమస్కారం. పది రోజులుగా వాష్టీ బన్యన్ పాటలు తప్ప మరేమీ వినడం లేదు. పక్కన పసిబిడ్డ నిద్రపోతుంటే, లేవకుండా చూసుకుంటూ పాడే గొంతు ఆమెది. తెలియనివారి కోసం ఆమె సంగతి కొంచెం చెబుతాను.

1945లో ఇంగ్లండులో పుట్టారు. ఆక్స్‌ఫర్డులో చిత్రకళ చదవడానికి చేరి, కుంచె వదిలేసి పాటలు కట్టుకుంటూ కూర్చున్నారని అక్కడి నుంచి పంపించేశారు. 1965లో రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బృందం మేనేజరు ఆండ్రూ లూగ్ ఓల్డ్‌హామ్ ఆమె చేత మొదటి రికార్డు పాడించారు. కానీ ముందువైపు పాట ఆమెది కాదు, ఆ బృందంలోని మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ రాసింది. సొంత పాటకు వెనకవైపు చోటు దొరికింది. ఆ రికార్డు నడవలేదు, మరుసటి ఏడాది వచ్చినదీ నడవలేదు.

1968లో రాబర్ట్ లూయిస్ అనే చిత్రకారుడితో కలిసి, ఒక గుర్రబ్బండి కట్టుకుని లండన్ నుంచి స్కాట్లండులోని స్కై దీవికి బయలుదేరారు. గుర్రం పేరు బెస్. గాయకుడు డొనోవన్ అక్కడ భూమి తీసుకున్నారని, కళాకారులంతా ఒకచోట బతకవచ్చని ఆశ. వీళ్ళు చేరేసరికి ఆ కల చెదిరిపోయింది. దారి పొడవునా కట్టుకున్న పాటలను 1969 చివర్లో నిర్మాత జో బోయ్డ్ లండన్‌లో రికార్డు చేశారు. అదే 'జస్ట్ అనదర్ డైమండ్ డే' ఆల్బమ్. 1970 డిసెంబరులో వచ్చింది. అమ్ముడైనవి చాలా తక్కువ. ఆమె గిటారు పక్కన పెట్టేశారు. సొంత పిల్లలకు కూడా పాడలేదని తరువాత ఆమే చెప్పారు.

ఆ మాట దగ్గరే నేను ఆగిపోయాను. మా అమ్మ పెళ్ళికి ముందు ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో లలిత గీతాలు పాడింది. తానే రాసుకుని, బాణీ కట్టుకున్నవి కూడా ఉన్నాయి. నాకు ఊహ తెలిశాక ఆమె పాడగా నేను వినలేదు. పోయిన నెల అటక సర్దుతుంటే ఇత్తడి బిందె వెనక ఒక క్యాసెట్టు దొరికింది. మీద అమ్మ చేతిరాత. మీ ఇళ్ళలో పాట మానేసినవాళ్ళు ఉన్నారా? మళ్ళీ పాడారా? ఏం చేస్తే పాడారు?

క్లైడ్‌తీరం:
నేను తొమ్మిదేళ్ళుగా గ్లాస్గోలో ఉంటున్నాను. ఆమె పాటలు వింటూ స్కైకి రెండుసార్లు వెళ్ళాను. కారులో దాదాపు ఐదు గంటలు. ఇప్పుడు వంతెన ఉంది, అది 1995లో వచ్చింది. ఆమె వెళ్ళినప్పుడు పడవ మీదే దాటాలి.

రెండోసారి గ్లెన్‌కో లోయలో కారు ఆపి కాసేపు నడిచాను. వాన పై నుంచి కాదు, పక్క నుంచి కొడుతోంది. రోడ్డు పక్క గడ్డి తడిసి నల్లబడి ఉంది. పది నిమిషాలకే చేతివేళ్ళు మొద్దుబారిపోయాయి. ఇలాంటి గాలిలో గుర్రాన్ని పట్టుకుని రోజుకు కొద్ది మైళ్ళ చొప్పున నడిచిన మనిషి, సాయంత్రం కుదురుగా కూర్చుని తెల్లవారడం గురించీ, దున్నిన పొలం గురించీ అంత మెత్తగా ఎలా పాడగలిగారు! ఆ పాటల నడక గుర్రం నడకేనని నాకు గట్టి నమ్మకం. పరుగు ఎక్కడా ఉండదు, ఆగిపోవడమూ ఉండదు. ఇంట్లో కూర్చుని విన్నప్పుడు అది నాకు అందలేదు.

అమ్మగారి క్యాసెట్టు మాత్రం తొందరపడి వేయకండి. తెలిసినవాళ్ళు చెప్పేదాకా ఆగండి.

వెనకవైపుపాట:
నేను బెంగళూరులో ఉంటూ సొంతంగా పాటలు రాసి పాడుతున్నాను, తెలుగులోనే. ఆరేళ్ళయింది. 'సొంత పాటకు వెనకవైపు చోటు' అన్న మాట చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ఒక చోట పాడమని పిలిచారు. పన్నెండు పాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. మూడో పాట కాగానే ఒకాయన వచ్చి, ఏదైనా సినిమా పాట అందుకోమ్మా, జనం లేచిపోతున్నారు అన్నారు. అందుకున్నాను. చప్పట్లు బాగా పడ్డాయి. ఆ రాత్రి ఇంటికి వచ్చి గిటారు సంచి జిప్పు కూడా తీయలేదు. నాలుగు నెలలు తీయలేదు.

మళ్ళీ ఎలా తీశానంటే, నెల్లూరు నుంచి ఎవరో తెలియని అమ్మాయి ఉత్తరం రాసింది. నా పాటలో ఒక పంక్తి ఆమె హాస్టల్ గోడ మీద రాసుకుందట. అంతే. వాష్టీ విషయంలోనూ జరిగింది ఇదేనని నా అభిప్రాయం. 1997లో కంప్యూటర్ కొనుక్కుని ఇంటర్నెట్‌లో తన పేరు తానే వెతుక్కుంటే, ఆ పాత రికార్డు కోసం జనం వెతుకుతున్నారని తెలిసింది. 2000లో అది మళ్ళీ విడుదలైంది. ఆమె బిడ్డల వయసున్న డెవేంద్ర బాన్‌హార్ట్ లాంటి గాయకులు ఆమెను గురువుగా తలుచుకున్నారు. పాడడం తెలియక ఎవరూ మానరు. విన్నామని చెప్పేవాళ్ళు లేక మానేస్తారు.

నిదానంగా:
ఒక మాటకు అడ్డు చెబుతాను, కోపం వద్దు. ఆ ముప్పై ఏళ్ళనూ పోగొట్టుకున్న కాలంలా చూడకూడదు. ఆమె పిల్లల్ని పెంచారు, పశువుల్ని సాకారు, పల్లెల్లో బతికారు. అదీ జీవితమే. మా అత్తయ్య బుర్రకథ దళంలో వంత పాడేది, మానేసి కిరాణా కొట్టు పెట్టింది. ఎవరైనా జాలిపడితే ఆమెకు మహా కోపం.

ఇంకొకటి. వాష్టీకి తనను జానపద గాయని అనడం ఇష్టం ఉండదు. ఆమె కోరుకున్నది పాప్ పాటలు పాడడం. 'డైమండ్ డే'లో జానపద వాద్యకారులైన డేవ్ స్వార్‌బ్రిక్ ఫిడేలు, రాబిన్ విలియమ్సన్ వాద్యాలు చేరి దానికి ఆ జానపద వాసన పట్టింది. రాబర్ట్ కర్బీ వాద్యాలు కూర్చిన పాటలు విడిగా వినండి, ఆమె మనసులో ఉన్నది అక్కడ ఎక్కువగా దొరుకుతుంది.

వెనకవైపుపాట:
నిదానంగా గారూ, అత్తయ్యగారి మాట ఒప్పుకుంటాను. కానీ ఇష్టపడి మానడం వేరు, మనసు విరిగి మానడం వేరు. పిల్లలకు జోల కూడా పాడలేదంటే అది రెండోదే కదండీ.

టేపుమరమ్మతు:
పాత క్యాసెట్టులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని చాలా కాలంగా చేస్తున్నాను. అటకమీదిపెట్టె గారూ, ముందు క్యాసెట్టు నోటి దగ్గర చూడండి. టేపు వెనక చిన్న లోహపు రేకు, దాని మీద వేలిగోరులో సగం ఉన్న మెత్త ఉంటుంది. పాతవాటిలో ఆ జిగురు ఎండి మెత్త ఊడిపోతుంది. అది లేకుండా వేస్తే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంటుంది, టేపు పాడైందని అనుకుంటారు. అయిదు మరలు విప్పి, రెండు చుట్టలనూ కదలకుండా ఎత్తి మంచి క్యాసెట్టు డొల్లలోకి మార్చండి. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే మాత్రం వేయవద్దు, నాకు చెప్పండి. టేప్ రికార్డర్ హెడ్డును స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు వేయండి. మొదటిసారి వేసేటప్పుడే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. రెండోసారి దొరుకుతుందన్న భరోసా లేదు.

వాష్టీ గురించి నాకు నచ్చే సంగతి 2014లో వచ్చిన 'హార్ట్‌లీప్' ఆల్బమ్. 2005 నాటి 'లుకాఫ్టరింగ్' ఆల్బమ్‌కు సంగీతకర్త మాక్స్ రిక్టర్ నిర్మాత, ఎందరో వాద్యకారులు. 'హార్ట్‌లీప్'కు వచ్చేసరికి ఆమే నిర్మాత. స్వరలిపి రాయడం రాదు. కీబోర్డు మీద రెండు చేతులా వాయించలేక, కుడి చేతి భాగం ఒకసారి, ఎడమ చేతి భాగం ఒకసారి రికార్డు చేసి కలుపుకున్నారు. ఏళ్ళు పట్టింది. విన్నవారికి ఆ అతుకులు కనబడవు. అరవై దాటాక ఇంట్లో ఒంటరిగా కంప్యూటర్ ముందు ఆ పని నేర్చుకున్నారంటే, మా దగ్గరికి వచ్చి 'ఈ వయసులో మాకెందుకులే' అనేవాళ్ళందరికీ ఆ పాటలు వినిపించాలనిపిస్తుంది.

క్లైడ్‌తీరం:
ఆ రెండు ఆల్బముల అట్టల మీది బొమ్మలు ఆమె కూతురు వేసినవే.

అటకమీదిపెట్టె:
ఆలస్యానికి క్షమించండి. టేపుమరమ్మతు గారు చెప్పినట్టే మెత్త ఊడిపోయి ఉంది. డొల్ల మార్చాను. బూజు లేదు. చేతులు వణికాయి కానీ పని అయింది.

ఆదివారం మధ్యాహ్నం అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే వినిపించాను. మొదట ఒక గొంతు సవరింపు, తరువాత శ్రుతిపెట్టె, తరువాత పందొమ్మిదేళ్ళ అమ్మ. ఇప్పటి అమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. పల్లవి రెండోసారి వచ్చేసరికి పెదాలు కదిలాయి. మొదటి చరణంలో గొంతు కలిపింది. శ్రుతి అందక కిందికి దించుకుంది, అయినా ఆపలేదు. నేను వంటింటి గుమ్మం దగ్గరే నిలబడ్డాను, దగ్గరికి వెళ్తే మానేస్తుందేమోనని.

రెండో చరణం మొదలయ్యే చోట టేపు అయిపోయింది. పద్దుల పుస్తకం చివరి పేజీల్లో రాసి ఉండాలి అంది. వెతికితే పుస్తకం దొరికింది, ఆ పేజీ లేదు. నాకు ఏడుపు వచ్చినంత పని అయింది. అమ్మ మాత్రం కాయలు మళ్ళీ అందుకుంటూ, "రాసింది నేనే కదరా, మళ్ళీ రాస్తాలే. ముందు ఆ పెన్ను ఇటు పడెయ్" అంది.