అప్‌డేట్: డబ్బు కట్టి రీసెర్చ్ పేపర్ వేయించుకోలేదు

నాలుగు నెలల కింద అడిగా కదండీ, యూనివర్సిటీలో తెలుగు గెస్ట్ ఫ్యాకల్టీని, పబ్లికేషన్లు తక్కువ, ఐదు వేలు కడితే వారంలో వేస్తామంటున్న జర్నల్‌కి ఇవ్వనా అని. ఇవ్వలేదు. యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే యూజీసీ, తను ఒప్పుకున్న జర్నల్స్ జాబితా, అదే కేర్ లిస్ట్, దాన్నే 2025లో ఎత్తేసింది, ఇక జర్నల్ మంచిచెడ్డలు మనమే చూసుకోవాలి, ఆ పేపర్ రేపు ఇంటర్వ్యూలో నా మెడకే చుట్టుకుంటుందని భయమేసింది.

అదే పేపర్, ఒక తాళపత్ర ప్రతిలోని పద్యాల మీద, మొదట్నుంచీ మళ్ళీ రాశా. టైమే దొరకలేదు, రూల్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల క్లాసులు, నాకు 22 పడ్డాయి, గంట లెక్కన జీతం కాబట్టి వద్దనలేను, సెలవులొస్తే అదీ ఉండదు. రాత్రిళ్ళు ఆ ప్రతి స్కాన్ ముందేసుకుని కూర్చునేదాన్ని, అందులో పదాల మధ్య ఖాళీలుండవు, ఒక్క పద్యపాదాన్ని పదాలుగా ఎక్కడ విరవాలో తేలక మూడు రాత్రులు పోయాయి. చివరికి క్లాసులో బోర్డు మీద రాస్తే ఒకమ్మాయి రాగం తీసి చదివింది, వాళ్ళ తాత పద్యనాటకాలు ఆడేవారట, సరిగ్గా యతి దగ్గర, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరం దగ్గర, ఆగింది, అక్కడే నాకు విరుపు దొరికింది. ఒళ్ళు పులకరించింది నిజంగా.

పీర్ రివ్యూ ఉన్న, అంటే వేసేముందు ఆ రంగం వాళ్ళు చదివి తప్పొప్పులు చెప్పే పత్రికకి పంపా, రెండు పేజీల సవరణలు వచ్చాయి. ఆ అమ్మాయి పేరు ఫుట్‌నోట్‌లో పెట్టి ఈ ఆదివారం తిరిగి పంపుతున్నా. ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు.