లినక్స్‌లకెల్లి బయోస్ సెట్టింగు మార్చొచ్చా? 24 సిస్టమ్స్ ఉన్నయ్

అన్నలూ, నేను నల్లగొండల ఒక డిగ్రీ కాలేజీ ల్యాబు చూసుకుంట. 24 సిస్టమ్స్, అన్నిట్ల ఉబుంటు 20.04. ఈ ఎండాకాలం గాలిదుమారం వచ్చినప్పుడల్లా కరెంటు పోతది, వచ్చినంక ఒక్కటి కూడా దానంతట అది లేవదు, ఒక్కొక్కదాని కాడికి పోయి బటన్ నొక్కాలె. బయోస్‌ల (సిస్టమ్ ఆన్ కాంగనే ముందుగాల నడిచే బోర్డు సాఫ్ట్‌వేర్) ఏసీ రికవరీ, అంటే కరెంటు వచ్చినంక సిస్టమ్ ఏం చేయాలో చెప్పే సెట్టింగు, మారిస్తే అయిపోతది గానీ ప్రతిదానికి ఎఫ్2 కొట్టుకుంట కూసుంటే పొద్దు గూకుతది. టెర్మినల్‌ల నుంచి చేసే దారి ఉందా? ఈఎఫ్ఐ వేరియబుల్స్‌ల (బోర్డు తన సెట్టింగులు దాచుకునే జాగ) రాయొచ్చని ఎవరో చెప్పిండ్రు.

పాలమూరు కెర్నల్:
తమ్మీ, ఈఎఫ్ఐవార్స్ (ఆ వేరియబుల్సే ఫైళ్ల లెక్క కనవడే ఫోల్డరు) జోలికి పోకు. అండ్ల ఒక్కో ఫైలుకు ముందు 4 బైట్లు ఆట్రిబ్యూట్స్ ఉంటయ్, తర్వాతదంతా ముడి డేటా, ఏ బైటు ఏందో కంపెనీకి తప్ప ఎవలకు తెల్వదు. 2016ల రూట్‌గ (అన్ని అధికారాలున్న యూజరు) ఆర్ఎమ్, అంటే ఫైళ్లు తుడిచే కమాండు, కొట్టి ఆ ఫైళ్లు గూడ లేపేసుకుంటే కొన్ని ల్యాప్‌టాప్‌లు మళ్ల ఆన్ కాలే, అందుకే 4.5 కెర్నల్ నుంచి అండ్ల చాలావాటికి ఇమ్యూటబుల్ (మార్చనియ్యని) తాళం ఏసిండ్రు.

నువ్వు చూడాల్సింది స్లాష్ సిస్ స్లాష్ క్లాస్ కింద ఫర్మ్‌వేర్-ఆట్రిబ్యూట్స్. డెల్ డ్రైవరుతోని 5.11ల వచ్చింది, తర్వాత థింక్‌ప్యాడ్లకు, హెచ్‌పీకి గూడ వచ్చినయ్. ఒక్కో సెట్టింగుకు ఒక ఫోల్డరు, లోపల కరెంట్_వ్యాల్యూ, పాసిబుల్_వ్యాల్యూస్ ఉంటయ్. నువ్వు రాసింది డ్రైవరు డబ్ల్యూఎమ్ఐ (బయోస్‌తోని మాట్లాడే దారి) మీద బయోస్‌నే అడిగి పెట్టిస్తది, తప్పు విలువ రాస్తే ఎర్రర్ ఇచ్చి వాపస్ పంపుతది. గదే దీన్ల మంచి గుణం. 20.04తోని మొదట వచ్చింది 5.4 కెర్నల్, అండ్ల ఇది ఉండది, హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ (అదే ఉబుంటుకు ఇచ్చే కొత్త కెర్నల్) 5.15 ఏసుకో.

దేవరకొండ అడ్మిన్:
పైన అన్న చెప్పింది కరెక్టే, రెండు ముచ్చట్లు కలుపుత. సుడో ఎకో అని బాణం గుర్తు పెడితే పర్మిషన్ డినైడ్ వస్తది, ఎందుకంటే ఫైలు తెరిచేది నీ షెల్లు, సుడో కాదు, టీ కమాండు వాడు. బయోస్‌కు అడ్మిన్ పాస్‌వర్డు ఉంటే ముందుగాల ఆథెంటికేషన్ ఫోల్డర్ల కరెంట్_పాస్‌వర్డ్‌ల అది రాయాలె, పని అయినంక ఖాళీ లైను రాసి తుడవాలె, మర్చిపోతే అది రీబూట్ దాక అట్లనే ఉంటది.
ఇంకోటి, ‘ఆన్’ పెట్టకు, ‘లాస్ట్’ (కరెంటు పోయే ముందు ఎట్లుంటే అట్ల) పెట్టు. ఆన్ పెడితే రాత్రి కరెంటు వచ్చినప్పుడు తాళం ఏసిన రూముల 24 లేస్తయ్.

అడిగినోడు:
పొద్దుగాల ఒకదాని మీద చేసిన అన్నా. కరెంట్_వ్యాల్యూల ‘ఆఫ్’ ఉండె, ‘లాస్ట్’ రాసిన, పెండింగ్_రీబూట్ 1 అయింది. రీబూట్ చేసి గోడకాడ స్విచ్ బంద్ చేసి ఏస్తే లేచింది! ఎస్ఎస్‌హెచ్‌తోని (నెట్‌వర్కు మీదికెల్లి కమాండ్లు కొట్టే దారి) 19 అయినయ్. 5 అసెంబుల్డ్‌వి, వాటిల ఆ ఫోల్డరే రాలే, ఏమన్న చేయొచ్చా?

పాలమూరు కెర్నల్:
వాటి బోర్డుకు ఆ డ్రైవరు లేదు తమ్మీ. ఆ అయిదింటికి కీబోర్డు పట్టుకొని కూసోవాల్సిందే.