స్పీకర్ వాట్లు, ఆంప్లిఫయర్ వాట్లు: ఏ అంకెను నమ్మాలి?

కృష్ణాతీరం: మా హాలు కోసం నేను చూస్తున్న స్టీరియో ఆంప్లిఫయర్ ఒక్కో ఛానెల్‌కు 50 వాట్లు ఇస్తుందని, బుక్‌షెల్ఫ్ స్పీకర్లు 100 వాట్లు తట్టుకుంటాయని రాసి ఉంది. ఈ ఆంప్లిఫయర్ వాటికి చాలదా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.

పాతరేడియో: నిశ్చింతగా చాలుతుందండీ. స్పీకర్ మీద వేసే వాట్లు అది చెడిపోకుండా ఎంత తట్టుకోగలదో చెప్పే హద్దు మాత్రమే. ఎంత గట్టిగా మోగుతుందో అవి చెప్పవు. అందుకు సెన్సిటివిటీ చూడాలి, అంటే ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే వచ్చే డెసిబెళ్లు. 90 డెసిబెళ్ల స్పీకర్ 50 వాట్లతో ఇచ్చే శబ్దాన్ని 87 డెసిబెళ్ల స్పీకర్ నుంచి రాబట్టాలంటే 100 వాట్లు కావాలి, ఎందుకంటే వాట్లు రెట్టింపైనా పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి రెట్టింపు మోతగా తోచాలంటే దాదాపు పది రెట్లు ఇవ్వాలి.

స్వరపేటిక: ఆంప్లిఫయర్ అంకెను కూడా షరతులతో కలిపి చదవండి. 8 ఓమ్‌ల (స్పీకర్ కరెంటుకు చూపే నిరోధానికి కొలత) వద్ద, 20 నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, రెండు ఛానెళ్లూ పనిచేస్తుండగా 0.1 శాతం లోపు డిస్టార్షన్‌తో (అసలు శబ్దంలో చేరే వికృతి) ఇచ్చే 50 వాట్లు వేరు. 6 ఓమ్‌ల వద్ద, ఒకే ఛానెల్‌తో, 10 శాతం డిస్టార్షన్‌తో చెప్పే 50 వాట్లు వేరు. అమెరికాలో 1974లోనే ఇటువంటి ప్రకటనలకు ప్రభుత్వం నిబంధన పెట్టవలసి వచ్చింది. సెట్లపై పెద్దగా వేసే పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) వాట్ల అంకెకైతే అందరూ ఒప్పుకున్న కొలత పద్ధతే లేదు, దానిని పూర్తిగా పక్కన పెట్టండి. వెనుక లేబుల్‌పై 60 వాట్ల కరెంటు తీసుకుంటుందని ఉన్న సెట్టు ఎడతెగకుండా 1000 వాట్లు ఇవ్వలేదు కదా!

గమకం: చిన్న ఆంప్లిఫయర్‌ను చివరిదాకా తిప్పి వాడవద్దని నా మనవి. శక్తి చాలనప్పుడు ఆంప్లిఫయర్ పంపే విద్యుత్ అలల తలలు తెగి, ట్వీటర్‌కు (స్పీకర్‌లో సన్నని స్వరాలు పలికే భాగం) ఎక్కువ శక్తి చేరుతుంది. మా బంధువుల స్పీకర్ విప్పి చూస్తే బొంగురు స్వరాలు పలికే వూఫర్ చెక్కుచెదరలేదు, ట్వీటర్ లోపలి సన్నని కాయిల్ మాత్రం నల్లగా మాడిపోయి ఉంది.

కృష్ణాతీరం: అందరికీ ధన్యవాదాలు. ఆంప్లిఫయర్ 8 ఓమ్‌ల వద్ద 0.08 శాతం డిస్టార్షన్‌తో 50 వాట్లు ఇస్తుందని ఉంది. స్పీకర్ సెన్సిటివిటీ 86 డెసిబెళ్లు, మేము కూర్చునేది మూడు మీటర్ల దూరంలో.

పాతరేడియో: 50 వాట్లకు 17 డెసిబెళ్లు కలుస్తాయి కనుక మీటరు దూరంలో 103 వస్తాయి. మూడు మీటర్లకు ఆరుబయట సుమారు తొమ్మిదిన్నర తగ్గుతాయి, గదిలో అంతకంటే తక్కువే. మామూలు మాటల శబ్దం 60 ప్రాంతంలో ఉంటుంది కాబట్టి మీ హాలుకు ఇది ధారాళం. కొనే ముందు స్పీకర్ ఎన్ని ఓమ్‌లదో చూసి, ఆంప్లిఫయర్ అంత తక్కువకు అనుమతిస్తుందో లేదో మాన్యువల్‌లో సరిచూసుకోండి.