అవినీతిపై ప్రపంచ ఒప్పందాల వల్ల సామాన్యుడికి ఒరిగిందేమైనా ఉందా?

ప్రశ్న:
ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందం 2003లో వచ్చింది, 2005 నుంచి అమల్లో ఉంది. దాదాపు అన్ని దేశాలూ చేరాయి. అయినా చేయి తడపందే ఫైలు కదలని చోట్లు కోకొల్లలు. మరి ఈ సంతకాలు దేనికి?

జవాబు 1:
నా దృష్టిలో దండగే. ఉచితంగా వేయాల్సిన ఇంజక్షన్‌కి లంచం అడిగితే ఉన్నవాడు ఇచ్చి పని కానిచ్చుకుంటాడు. లేనివాడు బిడ్డ మంచం పక్కన నిలబడి, తాకట్టు పెట్టడానికి ఇంకేం మిగిలిందా అని ఆలోచిస్తాడు. అతనికి ఏ ఒప్పందం అందింది? నైజీరియాను దోచిన నియంత సానీ అబాచా 1998లో పోయాడు. స్విట్జర్లాండ్ నుంచి 32 కోట్ల డాలర్లు తిరిగిచ్చే ఒప్పందం కుదిరింది 2017లో! ఆలోపు ఒక తరం పిల్లలు పెద్దవాళ్లైపోయారు.

జవాబు 2:
ఆలస్యం నిజమేనండీ, కాదనను. కానీ ఆ కథ సగమే చెప్పారు. అంతకుముందే సుమారు 70 కోట్ల డాలర్లు వెనక్కి వెళ్లాయి. వాటి ఖర్చు లెక్కలు సరిగ్గా లేవని అక్కడి పౌర సంఘాలే గొడవ చేశాయి. అందుకే 2017లో ప్రపంచ బ్యాంకు పర్యవేక్షణ ఉండాలని షరతు పెట్టారు. డబ్బు నెలకు 5,000 నైరాల (నైజీరియా కరెన్సీ) చొప్పున నేరుగా పేద కుటుంబాలకు చేరేలా ఏర్పాటు చేశారు. ఇంకొకటి. విదేశీ అధికారులకిచ్చిన లంచాన్ని 1999 దాకా జర్మనీలో వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకునేవారు! ధనిక దేశాల ఓఈసీడీ 1997 ఒప్పందం తర్వాతే అది ఆగింది. 2008లో విదేశాల్లో లంచాలిచ్చినందుకు జర్మన్ కంపెనీ సీమెన్స్ అమెరికా, జర్మనీలకు దాదాపు 160 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది.

జవాబు 1:
నా బాధ సరిగ్గా అక్కడే. ఆ డబ్బు అమెరికా, జర్మనీ ఖజానాలకు పోయింది. లంచాల వల్ల నష్టపోయిన దేశాల జనానికి ఏం దక్కింది? నష్టపోయినవారు పరిహారం కోరవచ్చని ఐరాస ఒప్పందం 35వ అధికరణంలో ఉంది. పౌర సంఘాలను కోర్టు గడప ఎక్కనిచ్చిన దేశం ఒక్కటి చెప్పండి.

జవాబు 2:
ఫ్రాన్స్. అవినీతిపై పోరాడే అంతర్జాతీయ పౌర సంస్థ ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అక్కడి శాఖ, విదేశీ నేతలు దోచిన ప్రజాధనంతో ఫ్రాన్స్‌లో కొన్న ఆస్తులపై కేసు నడపవచ్చని 2010లో సుప్రీం కోర్టు స్థాయి న్యాయస్థానం ఒప్పుకుంది. ఆ కేసులోనే ఆఫ్రికా దేశం ఈక్వటోరియల్ గినీ ఉపాధ్యక్షుడికి పడిన శిక్ష 2021లో ఖరారైంది, పారిస్‌లో ఆయన భవంతి జప్తయింది. అలాంటి సొమ్మును ఆ దేశ ప్రజల కోసమే ఖర్చు చేయాలని అదే ఏడాది ఫ్రాన్స్ చట్టం కూడా చేసింది. మిగతా ధనిక దేశాలను అడగాల్సింది ఇదేనండీ.