బడి అంటే కడుపునొప్పి: తొమ్మిదేళ్ల బాబుకి ఏ థెరపీ మంచిది?

కావేరి (మారతహళ్ళి, బెంగళూరు):
మా బాబు నాలుగో తరగతి. స్కూల్ బస్సు హారన్ వినపడగానే కడుపునొప్పని బాత్రూమ్‌లోకి దూరి గడియ పెట్టుకుంటాడు. పిల్లల డాక్టరు స్కాన్ కూడా చేయించి, ఒంట్లో ఏమీ లేదు, ఇది భయం, థెరపీ చేయించండి అన్నారు. ఇంటి దగ్గర ఒక సెంటర్ వాళ్ళు ప్యాకేజీ డబ్బు ముందే కట్టమంటున్నారు. ఏం చేస్తారని అడిగితే 'బ్రెయిన్ యాక్టివేషన్' అంటున్నారు. నిజంగా పనిచేస్తుందని తేలిన థెరపీ ఏదండీ?

రమణ (బీటీఎం లేఅవుట్):
కావేరిగారూ, ఆ ప్యాకేజీకి డబ్బు కట్టకండి. మా అమ్మాయికీ ఇదే బాధ ఉండేది, సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచననీ ప్రవర్తననీ మార్చే థెరపీ)తో తేరుకుంది. అందులో అసలు పని కబుర్లు చెప్పడం కాదు, భయపడే పనినే మెట్లుమెట్లుగా చేయించడం. యూనిఫాం వేసుకుని గేటు దాకా నడవడం ఒక మెట్టు. మొదటి పీరియడ్ అయ్యేదాకా క్లాసులో కూర్చోవడం ఇంకో మెట్టు. ప్రతి మెట్టు దగ్గరా భయం పదికి ఎంతో తనే నోట్‌బుక్‌లో రాసేది. గేటు దగ్గర ఎనిమిది అని రాసిన పిల్ల, కాసేపు అక్కడే నిలబడ్డాక నాలుగు అని రాసింది. ఆ నాలుగు తన చేత్తో తనే రాసుకోవడం చూస్తే నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

అమెరికాలో ఇలాంటి భయాలున్న 7 నుంచి 17 ఏళ్ల మధ్య పిల్లలు 488 మందితో జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2008లో వచ్చాయి. సీబీటీ తీసుకున్నవాళ్ళలో 60 శాతం మంది బాగా మెరుగయ్యారు. ఆందోళన తగ్గించే సెర్ట్రలీన్ మందుతో 55, రెండూ కలిపితే 81, ఉత్తుత్తి మాత్రతో 24. కాబట్టి సైకియాట్రిస్టు మందు కూడా కావాలంటే హడలిపోకండి.

శైలజ (స్కూల్ కౌన్సెలర్):
ముందు ఒకటి చూడండి. బడిలో ఎవరైనా ఏడిపిస్తున్నారా? చదవడం, రాయడం కష్టంగా ఉందా? కొట్టే పిల్లాడు పక్క బెంచీలో ఉంటే మెట్లెక్కించి లాభం లేదు, ముందు స్కూల్‌తో మాట్లాడాలి. క్లినికల్ సైకాలజిస్టుకి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, నంబరు అడగడానికి మొహమాటపడకండి. హోసూరు రోడ్డులో ఉన్న మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్హాన్స్‌లో పిల్లలకి ప్రత్యేక విభాగం ఉంది. ఈలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

కావేరి:
చాలా థాంక్సండీ. కానీ వాడు ఏ డాక్టరు దగ్గరికీ రానని మొండికేస్తున్నాడు. రాత్రి నేను పక్కన లేకపోతే నిద్రే పోడు.

రమణ:
అప్పుడు మీరూ మీవారూ వెళ్ళండి. యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ తయారుచేసిన 'స్పేస్' అనే పద్ధతిలో తల్లిదండ్రులతోనే పనిచేస్తారు. 124 మంది పిల్లల మీద పోల్చి చూస్తే అది సీబీటీకి తీసిపోలేదు. బిడ్డ భయం కోసం మనం చేస్తున్న సర్దుబాట్లు (రాత్రి పక్కన పడుకోవడం లాంటివి) ఒక్కొక్కటే తగ్గిస్తూ, 'నీ భయం నాకు తెలుసు, నువ్వు తట్టుకోగలవు' అని చెప్పాలి. అన్నీ ఒకేసారి మానేయకండి. ఏదో ఒకటి ఎంచుకుని, ఏ రోజు నుంచి మానేస్తారో బాబుకి ముందే చెప్పండి. ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పి ఉంచండి, లేకపోతే మీరు లేవగానే నానమ్మ వెళ్ళి పక్కన పడుకుంటారు.