ఊరి చెరువు చేప ఊళ్ళోనే తినాలంటే ఏం చేయాలి? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

చెరువుకట్ట_మెదక్
అందరికీ నమస్తే. మా ఊరి చెరువు నిండితే నలభై ఎకరాల పైనే ఉంటుంది. మిషన్ కాకతీయలో పూడిక తీశాక నీళ్ళు ఎండాకాలం మొదలయ్యేదాకా నిలబడుతున్నాయి. మత్స్య సహకార సంఘం ఉంది, ఈసారి కార్యవర్గంలోకి నన్ను కూడా తీసుకున్నారు.

మా దగ్గర ఏటా జరిగే తంతు చెప్తాను. సర్కారు ఉచితంగా ఇచ్చే చేపపిల్లలు లారీలో వస్తాయి, ఫొటోలు దిగి వదులుతాం. మళ్ళీ చెరువు మొహం చూసేది ఎండలు ముదిరాకే. అప్పుడు పట్నం వ్యాపారి వస్తాడు. ముందే అడ్వాన్స్ ఇచ్చి ఉంటాడు కాబట్టి రేటు ఆయన చెప్పిందే. వలలు, కాంటా, ఐసు డబ్బాలు అన్నీ ఆయనవే. మూడు నాలుగు రోజుల్లో చెరువు ఊడ్చేస్తారు. సభ్యులకు తలా కొన్ని పైసలు, ఇంటికి రెండు చేపలు, అంతే. తర్వాత మృగశిర కార్తె వస్తే మా ఊరోళ్ళే మండల కేంద్రానికి పోయి ఐసులో వచ్చిన చేప కొనుక్కుంటారు!

నేను అడిగేది రెండు ముక్కలు. పంట అంతా ఒకేసారి కాకుండా విడతలుగా పట్టి ఊళ్ళో అమ్మితే గిట్టుబాటు అవుతుందా? చెరువులో పరిగెలు, జెల్లలు లాంటి చిన్న చేపలు ఉన్నాయి. వాటిని ఉంచాలా, తీసేయాలా? సంఘంలో దీని మీదే రోజూ లొల్లి.

కొల్లేటి_రైతు
తమ్ముడూ, మాది కైకలూరు వైపు. అమ్మకం సంగతి తర్వాత, ముందు పిల్ల సంగతి చూడండి. మీ స్కీములో చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్ల ఇస్తారు, ఏడాది పొడుగునా నీళ్ళుండే పెద్ద జలాశయాలకు 80 నుంచి 100. మొదటి సైజు పిల్లను వాలుగలు, కొర్రమీనులు తిరిగే చెరువులో నేరుగా వదిలితే వాటికి ఫలహారం పెట్టినట్టే. మా వైపు ఎవరూ అలా వదలరు. పక్కనే చిన్న గుంట ఉంటే అందులో, లేకపోతే చెరువులోనే ఒక మూల హాపా వల (సన్న కన్ను వలతో కుట్టిన పెట్టె లాంటిది) కట్టి, తవుడు, వేరుశనగ చెక్క పొడి పెట్టి నాలుగంగుళాలు దాటాక వదలండి. లక్ష చిన్న పిల్ల కంటే పాతికవేల పెద్ద పిల్ల నయం.

రకాల విషయం. మా చెరువుల్లో నూటికి ఎనభై శీలావతే (మీరు రవ్వు అంటారు). అది చూసి మీరూ అలాగే వేయకండి. మావి మేత చెరువులు. గోతాలకు అడుగున చిల్లులు పెట్టి, తవుడూ చెక్కా నింపి, నీళ్ళలో కర్రలకు కడతాం. చేప వచ్చి చిల్లుల దగ్గర పొడుచుకు తింటుంది. మీ చెరువులో మేత వేసేవాడు లేడు, నీళ్ళలో పుట్టే నాచు, పురుగు మీదే పెరగాలి. అలాంటి చోట పై నీళ్ళలో తినే బొచ్చె వాటా పెంచండి. మధ్యన శీలావతి, అడుగున మోసు, బంగారు తీగ.

చిన్న చేపలంటారా, నేనైతే తీసేయమంటాను. మేం చెరువు తయారు చేసేటప్పుడు ఇప్పపిండి (ఇప్ప గింజల నూనె తీశాక మిగిలే చెక్క పొడి) చల్లి కలుపు చేపలన్నిటినీ చంపాకే పిల్ల వేస్తాం. లేకపోతే మేత సగం వాటికే.

బరంపురం_తెలుగు
రైతుగారూ, మీరు చెప్పింది మేత చెరువుకు సబబే. ఊరుమ్మడి చెరువుకు అదే లెక్క వేస్తే కుదరదండీ. మేం గంజాం జిల్లాలో ఉంటాం. ఒడిశాలో పంచాయతీ చెరువులు మహిళా సంఘాలకు ఇస్తున్నారు. అక్కడ కార్పులతో (బొచ్చె, రవ్వు లాంటి పెద్ద చేపలతో) పాటు మోలా అనే చిన్న చేపను కూడా పెంచమని ప్రోత్సహిస్తున్నారు. వెండిలా మెరుస్తుంది, వేలంత కూడా ఉండదు.

దీనికి మూలం బంగ్లాదేశ్. వరల్డ్ ఫిష్ సంస్థలో శకుంతల థిల్‌స్టెడ్ గారు ఏళ్ళ తరబడి ఈ చిన్న చేపల మీదే పనిచేశారు, 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ కూడా ఇచ్చారు. వంద గ్రాముల మోలాలో విటమిన్ ఏ 2,500 మైక్రోగ్రాములకు పైనే ఉంటుంది. పెద్ద కార్పుల్లో దాని లెక్క నామమాత్రం. పైగా ముల్లుతో సహా తింటారు కాబట్టి కాల్షియం కూడా ఒంటికి పడుతుంది. కార్పులతో కలిపి పెంచితే కార్పు దిగుబడి పెద్దగా పడిపోదని అక్కడి ప్రయోగాల్లో తేలింది.

ఇంకో సుఖం ఏంటంటే ఏటా పిల్ల కొనక్కర్లేదు. చెరువులోనే గుడ్లు పెట్టి పెరుగుతుంది. కాకపోతే వారానికో, రెండు వారాలకో పడుతూ ఉండాలి. పట్టకుండా వదిలేస్తే అప్పుడు రైతుగారి భయం నిజమవుతుంది, కిక్కిరిసిపోతాయి. మీరు మోలా కోసం మా దాకా రానక్కర్లేదు, దాన్ని తరలించడం నరకం, చెయ్యి తగిలితే చచ్చిపోతుంది. మీ పరిగెలు మీకున్నాయి కదా, వాటినే కాపాడుకోండి.

టీచరమ్మ_ఖమ్మం
నేను అంగన్‌వాడీలో పనిచేస్తాను. మా సెంటర్లో గుడ్డు, పాలు ఉంటాయి, చేప మెనూలో లేదు. ఒడిశాలో మయూర్‌భంజ్ జిల్లాలో అంగన్‌వాడీల్లో ఎండు చేప, చేపల పొడి పెట్టి చూశారని విన్నప్పటి నుంచి నాకు కుతూహలం. మన దగ్గర ఎప్పుడొస్తుందో తెలీదు కానీ, ఇళ్ళల్లో చేసుకోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా.

తల్లులకు రెండు విషయాలు చెప్తాను. ఒకటి, చిన్న చేపల తలలు తీసి పారేయొద్దు. విటమిన్ ఏ ఎక్కువగా ఉండేది కళ్ళలో, పొట్ట భాగంలో. తల కోసేస్తే మంచిదంతా చెత్తకుండీలో పోసినట్టే. రెండోది ముల్లు భయం. పరిగెల్ని చింతపండు పులుసులో సన్నటి సెగ మీద బాగా మగ్గనిస్తే ముల్లు మెత్తబడుతుంది. మా అత్తమ్మ మట్టి దాకలో అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచి, మీద చేపలు పేర్చి, పులుసు పోసి మూత పెట్టేస్తుంది. గరిటె పెట్టనివ్వదు, దాక అంచులు పట్టుకుని ఊపడమే. మరీ చిన్నపిల్లలకు ఎండు పరిగెల పొడి చేయండి. నూనె లేకుండా కరకరలాడేలా వేయించి, జీలకర్ర, వెల్లుల్లి వేసి మెత్తగా దంచి, జల్లెడ పట్టాలి. కారం పెద్దవాళ్ళ పొడిలోనే. పప్పన్నంలో అర చెంచా కలిపితే పిల్లలు గుర్తుపట్టను కూడా పట్టరు.

ఇంట్లో చేప వండితే నడుము ముక్క ఎవరికి పోతుందో, తోక ముక్క ఎవరికి మిగులుతుందో మనందరికీ తెలుసు. చిన్న చేప కూర గిన్నెలో ఆ పంపకం ఉండదు. నాకు నచ్చేది అదే.

కళింగతీరం
శ్రీకాకుళం నుంచి. మా ఇంట్లో ఆడవాళ్ళందరూ ఎండు చేపల వ్యాపారమే, నెత్తళ్ళు, కవళ్ళు ఎక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. ఆ రోజుల్లో గంజి తాగించేది ఇంట్లో నిలవున్న ఎండు సరుకే. టీచరమ్మగారు పొడి అన్నారు కాబట్టి ఎండబెట్టడం గురించి రెండు మాటలు.

చిన్న చేప గంటల్లో పాడవుతుంది, పట్టిన పూటే పని మొదలవ్వాలి. మంచి నీళ్ళలో కడిగి, ఉప్పు నీళ్ళలో కాసేపు ఉంచి, నేల మీద కాకుండా నడుమెత్తు మంచె కట్టి దాని మీద వల పరిచి ఆరబెట్టండి. కింద నుంచి గాలి ఆడుతుంది, ఇసుక అంటదు, కుక్కలు ముట్టవు. ఇసుక మీద ఎండిన సరుకుకూ మంచె మీద ఎండిన సరుకుకూ సంతలో రేటు తేడా కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. ఈగలు రాకుండా పురుగుమందు కొట్టేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. పిల్లలకు పెట్టే తిండి అది. పల్చటి దోమతెర కప్పితే చాలు.

వల_కన్ను
నల్గొండ నుంచి. పైన అందరూ మంచి విషయాలే చెప్పారు కానీ అసలు ముడి అడ్వాన్స్ దగ్గరుంది. అది తెగకపోతే విడతలుగా పట్టడం అయ్యే పని కాదు, చేప మీద హక్కు ముందే అమ్ముడుపోయింది కదా.

మా సంఘం ఎలా బయటపడిందో చెప్తాను. వ్యాపారితో ఒకేసారి మొత్తం తెంపుకోలేదు. మొదటి ఏడు ఆయనతో మాట్లాడి, "సంక్రాంతి దాకా కట్ట మీద మేం అమ్ముకుంటాం, మిగిలింది నీకు" అన్నాం. గొణిగాడు కానీ ఒప్పుకున్నాడు. నాలుగంగుళాలకు పైబడిన కన్ను ఉన్న కచ్చు వలలు మాత్రమే వాడాలని తీర్మానం రాసుకున్నాం. అందులో కిలో దగ్గరున్న చేపే పడుతుంది, చిన్నది జారిపోయి ఇంకా పెరుగుతుంది. బుధ, ఆదివారాలు తెల్లారి వల తీసి కట్ట మీదే కాంటా పెడతాం. చేప ఇంకా కొట్టుకుంటుండగానే అమ్ముడుపోతుంది, ఐసు ఖర్చు లేదు, తరుగు లేదు. వ్యాపారి రేటు కంటే కిలోకు బాగానే ఎక్కువ గిడుతుంది, కొనేవాళ్ళకు టౌను రేటు కంటే తక్కువ పడుతుంది. ఆ పైసలతో మరుసటి ఏడాది అడ్వాన్స్ అవసరం సగం తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను. ఎండాకాలం చెరువు ఎండేటప్పుడు టన్నుల కొద్దీ సరుకు ఒకేసారి వస్తే ఊరు తినలేదు, అప్పుడు వ్యాపారి కావాల్సిందే.

తలనొప్పులు కూడా చెప్పాలి. కట్ట మీద అరువు బేరాలు మొదలైతే సంఘం మునుగుతుంది, నగదు లేదా ఫోన్‌పే అని బోర్డు పెట్టండి. రాత్రిళ్ళు దొంగ వలలు పడతాయి, కాపలా వంతులు వేసుకోవాలి. ఆయకట్టు రైతులతో తూము విషయంలో ముందే మాట్లాడుకోండి, అడుగు నీళ్ళు కూడా వదిలేస్తే ఎవరి చేపా మిగలదు. చేపల పెంపకానికి కిసాన్ క్రెడిట్ కార్డు ఇస్తారు, బ్యాంకు వాళ్ళు పొలం పాస్‌బుక్ అడిగితే మత్స్యశాఖ అధికారిని వెంటబెట్టుకుని పోండి. ప్రమాద బీమాలో సభ్యులందరి పేర్లూ ఉన్నాయో లేదో చూసుకోండి, వేటలో ప్రాణం పోతే కుటుంబానికి 5 లక్షలు వస్తాయి. థర్మాకోల్ తెప్పల మీద నీళ్ళలోకి పోయేవాళ్ళం, బీమా లేకుండా దిగొద్దు.

కొల్లేటి_రైతు
బరంపురం గారి మాట విన్నాక నాదొక మధ్యస్థం. చిన్న చేపలన్నిటినీ ఒకే గాటన కట్టొద్దు. పరిగెలు లాంటివి ఉంచుకోండి, మీ పిల్లకు హాని లేదు. వాలుగ, కొర్రమీను మాత్రం పిల్ల వదలకముందే లాగుడు వల వేసి వీలైనంత తీసి అమ్ముకోండి. కొర్రమీనుకు మీ దగ్గర ఎలాగూ మంచి రేటు, మీ రాష్ట్ర చేప కూడాను. ఊరుమ్మడి చెరువులో ఇప్పపిండి వద్దు, పశువులు తాగే నీళ్ళు. ఇంకొకటి, ఎవరైనా చవకగా వస్తుందని ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పిల్ల అంటగడితే గేటు దాటనివ్వకండి. నిషేధం ఉన్న రకం అది, ఒకసారి దిగితే చెరువులో ఇంకేదీ మిగలదు.

చెరువుకట్ట_మెదక్
ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ థాంక్స్. వచ్చే మీటింగులో మూడు పెడుతున్నా: హాపాలో పిల్ల పెంచి వదలడం, సంక్రాంతి దాకా కట్ట మీద అమ్మకం, వారానికోసారి పరిగెల వేట మా సంఘం ఇళ్ళల్లోని ఆడవాళ్ళకు అప్పజెప్పడం. మూడోదానికి ఇద్దరు పెద్దమనుషులు అడ్డం తిరుగుతారని తెలుసు, అయినా పెడతా. రైతన్నా, హాపా కట్టేటప్పుడు ఏం జాగ్రత్త తీసుకోవాలి?

కొల్లేటి_రైతు
పైన కూడా వల కప్పండి, కొంగలు వరసగట్టి కూర్చుంటాయి. అడుగు బురదకు తగలకూడదు, మూర ఎత్తు వదలండి. పాచి పడితే నీళ్ళు ఆడవు, వారానికోసారి బయట నుంచి బ్రష్‌తో రుద్దాలి. పిల్ల సంచులు రాగానే విప్పి పోసేయకుండా, పావుగంట నీళ్ళ మీద తేలనిచ్చి, కొంచెం కొంచెం చెరువు నీళ్ళు కలిపి అప్పుడు వదలండి. లారీ మధ్యాహ్నం వస్తే నీడన ఆపించి సాయంత్రం దాకా ఆగండి. డ్రైవరు తొందరపెడతాడు, టీ ఇప్పించండి.