ప్రొస్టేట్ క్యాన్సర్‌ది నిజంగా చక్కెర ఆకలేనా?

కాజీపేట_ల్యాబ్:
వరంగల్ వాట్సాప్ గ్రూపులల్ల ఒక ముచ్చట తిరుగుతున్నది: చక్కెర, అన్నం బంద్ పెడితే ప్రొస్టేట్ గడ్డ ఎండిపోతదట. పూర్తిగ కొట్టిపారేయనీకి లేదు. ఆక్సిజన్ ఉన్నా క్యాన్సర్ కణం గ్లూకోజ్‌ను లాక్టేట్ చేస్తదని జర్మన్ శాస్త్రవేత్త వార్‌బర్గ్ 1920లల్లనే చూపిండు. ల్యాబుల పీసీ-3 అనే ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు పెంచేటోళ్లకు ఎరుకే, మీడియం (కణాలకు పోసే పోషక ద్రవం) తొందరగ పసుపుపచ్చ ఎక్కుతది. అది ఆమ్లమే కదా. ప్రొస్టేట్‌కు వార్‌బర్గ్ వర్తించదనేటోళ్లు దీనికి ఏం చెప్తరు?

హనుమకొండ_బయోకెమ్:
తొలిదశలో వర్తించదనే అంటాను తమ్మీ. ఇక్కడ మామూలు కణమే వేరే తీరుది. వీర్యద్రవంలోకి సిట్రేట్ పంపడం దాని పని. అందుకోసం జిప్1 అనే రవాణా ప్రోటీన్‌తో జింక్ లోపల పోగేసుకుంటుంది. ఆ జింక్ మైటోకాండ్రియాలో (కణం శక్తి తయారుచేసుకునే చోటు) సిట్రేట్‌ను ముందుకు నడిపే అకోనిటేజ్ ఎంజైమ్‌ను ఆపేస్తుంది, శక్తి తీసే క్రెబ్స్ చక్రం సిట్రేట్ దగ్గరే తెగుతుంది. రక్తంలో సిట్రేట్ 0.1-0.2 మిల్లీమోలార్ ఉంటే, ప్రొస్టేట్ ద్రవంలో పదుల మిల్లీమోలార్లు.

క్యాన్సర్ మొదలైతే జిప్1 తగ్గుతుంది, జింక్ పడిపోతుంది, అకోనిటేజ్ మేల్కొంటుంది. ఇన్నాళ్లూ బయటికి పంపిన సిట్రేట్‌ను కణం తానే కాల్చుకుంటుంది. మిగతా చోట్ల క్యాన్సర్ అంటే లాక్టేట్ వైపు మళ్లడం అనుకుంటాం, ఇక్కడ మైటోకాండ్రియా పని పెరుగుతుంది. ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీలో (ఎంఆర్ఐ మిషన్‌తో గడ్డలోని రసాయనాలు చూసే పరీక్ష) కనిపించేదీ ఇదే: 2.6 పీపీఎం దగ్గర సిట్రేట్ శిఖరం కుంగుతుంది, 3.2 దగ్గర కోలిన్ లేస్తుంది. బయాప్సీ అయిన కొద్ది వారాల్లోపే తీస్తే మాత్రం లోపల మిగిలిన రక్తం ఆ లెక్కను చెడగొడుతుంది.

ఇక నీ పీసీ-3. అది ఎముకకు పాకిన గడ్డ నుంచి తీసింది, ఆండ్రోజన్ (మగ హార్మోన్) రిసెప్టర్ లేనట్టే. పైగా ఆర్‌పీఎంఐ-1640 మీడియంలో గ్లూకోజ్ లీటరుకు 2 గ్రాములు, అంటే డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములు. అంత చక్కెరలో ముంచి పెంచి, ఇది చక్కెర తింటోంది అంటే ఎట్లా?

న్యూక్లియర్_మెడ్:
సార్ చెప్పింది తొలిదశ వరకే. ఎఫ్‌డీజీ (గ్లూకోజ్ లాంటి రేడియోధార్మిక మందు) పెట్ స్కాన్‌లో తొలిదశ ప్రొస్టేట్ గడ్డ సరిగా వెలగని మాట నిజమే. గ్లూకోజ్ తక్కువ పీల్చడం ఒక కారణం, పక్కనే మూత్రాశయంలో ఎఫ్‌డీజీ నిండి ఉండటం ఇంకొకటి. కానీ హార్మోన్ మందుకు లొంగని దశకు, ముఖ్యంగా నరాల కణాల పోలికలున్న న్యూరోఎండోక్రైన్ రూపానికి మారిన గడ్డలు ఎఫ్‌డీజీలో బాగా వెలుగుతాయి, వాటిలో కొన్ని పీఎస్ఎంఏ (ప్రొస్టేట్ కణాల మీది ఒక ప్రోటీన్) స్కాన్‌లో అసలు కనపడవు. అలాంటివి మొండివి. అందుకే ఆస్ట్రేలియాలో జరిగిన పీఎస్ఎంఏను పట్టుకునే రేడియో మందు లుటీషియం-177 ట్రయల్‌ ఒకదానిలో రెండు స్కాన్లూ తీసి, ఎఫ్‌డీజీలో మాత్రమే వెలిగే గడ్డలున్న వాళ్లను పక్కన పెట్టారు.

స్కాన్‌కు వెళ్లేవాళ్లు కలగాపులగం చేస్తున్నారు కాబట్టి ఇదీ రాస్తున్నా. ఎఫ్‌డీజీకి 6 గంటలు పరగడుపు, రక్తంలో చక్కెర 200 లోపు, సూది తర్వాత దాదాపు గంట కదలకుండా కూర్చోవాలి. ఆఖరి నిమిషంలో ఇన్సులిన్ వేసుకుని వస్తే మందంతా కండరాల్లోకి పోయి బొమ్మ పాడవుతుంది. పీఎస్ఎంఏ స్కాన్ చక్కెర వాడకాన్ని కొలవదు, దానికి పరగడుపు అక్కర్లేదు.

కాజీపేట_ల్యాబ్:
మరి సీహార్స్ మిషన్‌ల (కణాల ఆక్సిజన్ వాడకం, ఆమ్లం కొలిచేది) ఎల్‌ఎన్‌క్యాప్ అనే ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలు పెడితే ఆక్సిజన్ వాడకం తక్కువ వచ్చిన ప్లేట్లు కూడ ఉంటయి కదన్నా? అవి ఆండ్రోజన్ రిసెప్టర్ ఉన్న కణాలే. నీ లెక్క ప్రకారం ఊపిరి ఎక్కువ తీయాలె.

హనుమకొండ_బయోకెమ్:
ముందు కడిగిన తర్వాత ప్లేటు గుంటలో ఎన్ని కణాలు మిగిలాయో మైక్రోస్కోప్‌లో చూడు. ఎల్‌ఎన్‌క్యాప్ ప్లాస్టిక్‌ను గట్టిగా పట్టదు, మీడియం మార్చేటప్పుడే లేచిపోతుంది. ప్లేటుకు ముందే పాలీ-లైసిన్ పూత వేయాలి, మీడియం గోడ వెంట మెల్లగా పోయాలి, చివరికి కణాల సంఖ్యతో గానీ డీఎన్ఏతో గానీ భాగించాలి. శ్వాసను గరిష్ఠానికి తోసే ఎఫ్‌సీసీపీ రసాయనం మోతాదు ప్రతి కణరకానికీ విడిగా చూసుకోవాలి: 0.25 నుంచి 2 మైక్రోమోలార్ మధ్య పరీక్షించు, ఎక్కువైతే శ్వాస పెరగాల్సింది పోయి పడిపోతుంది. ఇంకోటి, ఆమ్లం రీడింగ్ అంతా లాక్టేట్ కాదు. మైటోకాండ్రియా వదిలే కార్బన్ డయాక్సైడ్ కూడా మీడియంను ఆమ్లం చేస్తుంది. లాక్టేట్‌ను విడిగా కొలవకుండా వార్‌బర్గ్ అని రాస్తే రివ్యూలో నిలవదు.

పాథ్_డెస్క్:
ఇంతసేపూ చక్కెరేనా, కొవ్వు సంగతి ఎవరూ ఎత్తరేం? స్లైడ్ మీద మేం రోజూ చూసే ఏఎంఏసీఆర్ రంగు కొమ్మలున్న కొవ్వు ఆమ్లాలను కాల్చే దారిలోని ఎంజైమే. క్యాన్సర్ గ్రంథుల్లో అది ముదురుగా పడుతుంది, పీ63 రంగు పట్టే బేసల్ కణాలు (మామూలు గ్రంథి చుట్టూ ఉండే పొర) కనపడవు. మరోవైపు కొవ్వు తయారుచేసే ఫ్యాటీ యాసిడ్ సింథేజ్ ఎంజైమ్ కూడా పెరుగుతుంది, ఆండ్రోజన్ సంకేతమే దాన్ని నడిపిస్తుంది. కొవ్వు కట్టేదీ కాల్చేదీ ఒకే గడ్డ. ఒక దారి మూస్తే ఇంకో దారి పడుతుంది, అందుకే "ఒక్క ఆహారం ఆపితే చాలు" అనే మాట నాకు నమ్మబుద్ధి కాదు.

కాజీపేట_ల్యాబ్:
మంచిది మేడం. మరి ఇంట్ల పెద్దమనిషికి అన్నం బంద్ పెట్టాల్నా వద్దా? అడిగేది గదే.

న్యూక్లియర్_మెడ్:
అన్నం ఆపినా కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది, గడ్డకు అందుతూనే ఉంటుంది. హార్మోన్ ఇంజెక్షన్లతో కండ కరుగుతుంది, పొట్ట పెరుగుతుంది, ఇన్సులిన్ పనిచేయడం మందగిస్తుంది. కాబట్టి తీపి, తెల్లన్నం తగ్గించడంలో తప్పులేదు, అది షుగర్ కోసం, బరువు కోసం. కిడ్నీలు బాగుంటే కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ అందాలి, గుడ్డో పప్పో పెసర్లో. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మందు మింగుతూ తిండి ఒక్కసారిగా మానేస్తే మాత్రం షుగర్ పడిపోయి అత్యవసరమవుతుంది. మందు డోసు డాక్టర్‌తో మాట్లాడకుండా అన్నం మానొద్దు. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ గురించి అడగబోయేవాళ్లకు: స్టాంపీడ్ అనే ప్రొస్టేట్ క్యాన్సర్ ట్రయల్‌లో షుగర్ జబ్బు లేనివాళ్లకు పూటకు 850 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు ఇచ్చి చూశారు. ఆయుష్షు పెరిగిందని తేలలేదు, బరువూ కొలెస్ట్రాలూ కొంత అదుపులో ఉన్నాయి.

హనుమకొండ_బయోకెమ్:
తర్వాతి ప్రశ్న జింక్ గోళీలని తెలుసు. గడ్డలో జింక్ తగ్గింది రక్తంలో లేక కాదు, లోపలికి తెచ్చే జిప్1 పోయినందుకు. గోళీతో ఆ దారి తెరుచుకోదు. అమెరికాలో 2003లో వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో రోజుకు 100 మిల్లీగ్రాములకు మించి మింగినవాళ్లలో ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్ ఎక్కువగా కనిపించింది. గోళీయే కారణమని దానితో రుజువు కాలేదు. అయినా మెడికల్ షాపులో 50 మిల్లీగ్రాముల గోళీ రోజుకు రెండు చొప్పున కొనేవాళ్లు ఆ సీసా డాక్టర్‌కు చూపించాలి.